గీతల పటం చిప్ భాగంగా మారేదెలా? ప్యాకేజీ రూపకల్పనలో తొలి మెట్టు ఇదే

ఆంధ్రప్రదేశ్‌లో చిప్ ప్యాకేజింగ్ కర్మాగారం ఏర్పాటుకు కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టు 12న ఆమోదం తెలిపింది. దక్షిణ కొరియాకు చెందిన అపాక్ట్ సంస్థ సాంకేతిక సహకారంతో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ ఇన్ ప్యాకేజ్ టెక్నాలజీస్ అనే సంస్థ దీనిని నెలకొల్పనుంది. దీని ఉత్పత్తి సామర్థ్యం ఏడాదికి 9.6 కోట్ల యూనిట్లు. అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా సంస్థ, గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్, సీజీ సెమీ, కేన్స్ సంస్థలు చేపట్టినవి కూడా ఈ కోవకు చెందిన కర్మాగారాలే. వీటిలో సిలికాన్‌పై సర్క్యూట్లను ముద్రించరు. వేరేచోట సర్క్యూట్లు ముద్రించిన సిలికాన్‌ను ముక్కలుగా కోసి, తీగలు కలిపి, పైన కవచం తొడిగి, పరీక్షించి, సర్క్యూట్ బోర్డుపై అమర్చడానికి వీలుగా తీర్చిదిద్దుతారు.

ఈ పని యంత్రాల దాకా రావడానికి చాలా ముందే కంప్యూటర్ తెరపై ఒక చిన్న ఘట్టం జరుగుతుంది. చిప్ రూపొందించిన సంస్థ ఒక క్యాడ్ పటాన్ని పంపుతుంది. ప్యాకేజీ రూపకర్త ఆ పటాన్ని తన సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకొని, దాని ఆధారంగా ఆ చిప్‌కు ప్రతినిధిగా ఒక ‘భాగాన్ని’ సృష్టిస్తారు. ఆ తర్వాత గీసే ప్రతి తీగ, ప్రతి రాగి దారి ఆ భాగం నుంచే బయలుదేరుతుంది. వినడానికి ఇది గుమాస్తా పనిలా అనిపించవచ్చు. అయితే ఇక్కడ దొర్లిన పొరపాటును తర్వాతి తనిఖీలు చాలావరకు పట్టుకోలేవు. ఆ తనిఖీలన్నీ ఈ భాగాన్నే ప్రమాణంగా తీసుకొని జరుగుతాయి కనుక, ప్రమాణమే తప్పయితే దానికి సరిపోలిన తప్పు కూడా ఒప్పుగానే కనిపిస్తుంది.

పటం వేరు, అడంగల్ వేరు

పళ్లెం ఆకారంలో ఉండే పలుచని సిలికాన్ పలకను వేఫర్ అంటారు. దానిపై ఒకే సర్క్యూట్‌ను వరుసలు వరుసలుగా వందల సార్లు ముద్రించి, చివరకు గళ్లగళ్లుగా కోస్తారు. అలా విడివడిన ఒక్కొక్క ముక్క పేరు డై. తలకు వేసుకునే రంగుకు, దీనికి ఉచ్చారణలో తప్ప మరే పోలికా లేదు. డై ఉపరితలంపై బయటి ప్రపంచంతో సంబంధం పెట్టుకోవడానికి చిన్నచిన్న లోహపు గళ్లు ఉంటాయి. వాటిని ప్యాడ్‌లు అంటారు. తీగలు కలిపే చిప్‌లలో ఇవి సాధారణంగా 50 నుంచి 80 మైక్రాన్ల వెడల్పుతో అంచుల వెంట బారులు తీరి ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మరికొన్ని చిప్‌లలో తీగలకు బదులు ఉపరితలమంతటా టంకపు బుడిపెలు ఉంటాయి. వాటిని బంప్‌లు అంటారు. పెద్ద ప్రాసెసర్లలో వీటి సంఖ్య వేలకు చేరుతుంది.

ప్యాకేజీ రూపకర్తకు కావలసింది ఈ ప్యాడ్‌ల చిట్టా. ఏ ప్యాడ్ ఎక్కడ ఉంది, దాని పరిమాణం ఎంత, దాని పేరేమిటి, దాని గుండా ఏ సంకేతం ప్రవహిస్తుంది అనే నాలుగు సంగతులు తెలియాలి. చిప్ సంస్థ తన పూర్తి రూపకల్పన ఫైలును అప్పగిస్తే ఇవన్నీ అందులోనే దొరుకుతాయి. కానీ ఆ ఫైలు సంస్థకు ప్రాణంతో సమానం. కోట్లు వెచ్చించి రూపొందించిన సర్క్యూట్ రహస్యమంతా అందులో ఉంటుంది. అందువల్ల చాలా సంస్థలు పై అంచు రేఖలను, ప్యాడ్‌ల ఆకారాలను మాత్రం వేరుచేసి డీఎక్స్‌ఎఫ్ పటంగా పంపుతాయి. 1982లో ఆటోక్యాడ్‌తో పాటు వెలువడిన ఈ ఫైలు రూపం ఇంజినీరింగ్ ప్రపంచంలో అందరికీ అర్థమయ్యే భాషగా స్థిరపడింది. తీగలు కలిపే కర్మాగారాల్లో ఏ ప్యాడ్ నుంచి ఏ కాలికి తీగ వెళ్లాలో చూపే పటాలు కూడా తరచుగా ఇందులోనే ఉంటాయి. ఏళ్ల క్రితం నాటి చిప్‌కు కొత్త ప్యాకేజీ కావలసి వచ్చినప్పుడు, మిగిలి ఉన్న ఆధారం ఆ పాత పటమొక్కటే కావడమూ కద్దు.

చిక్కు ఏమిటంటే, డీఎక్స్‌ఎఫ్‌కు ప్యాడ్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవి గీతలు, వృత్తాలు, బహుభుజులు, అక్షరాలు మాత్రమే. గ్రామ పటంలో సర్వే నంబర్ల హద్దులు కనిపిస్తాయి. ఆ పొలం ఎవరిది, అందులో ఏ పంట ఉంది అన్నది తెలియాలంటే ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ తిరగెయ్యాలి. చిప్ పటం సంగతీ అంతే. హద్దులు పటంలో ఉంటాయి, హక్కుదారుల వివరాలు ప్యాడ్ పేర్ల జాబితాలో ఉంటాయి. ఈ రెంటినీ కలిపి, చతురస్రాన్ని ప్యాడ్‌గా, పక్కనున్న అక్షరాలను దాని పేరుగా గుర్తించి, సాఫ్ట్‌వేర్ అర్థం చేసుకోగల భాగంగా మార్చడమే ఇక్కడ జరిగే పని. క్యాడెన్స్, సీమెన్స్ వంటి సంస్థల ప్యాకేజీ రూపకల్పన సాఫ్ట్‌వేర్లలో ఇందుకు తగిన సదుపాయాలున్నాయి. అవి శ్రమను తగ్గిస్తాయి గాని, వివేచనను మాత్రం మనిషికే వదిలేస్తాయి.

అయిదు మీటర్ల చిప్

మొట్టమొదట తేల్చుకోవలసింది కొలమానం. తొలినాటి డీఎక్స్‌ఎఫ్ ఫైళ్లలో 5000 అని ఉంటే అది 5000 ఏమిటో రాసి ఉండదు. తర్వాతి రూపాల్లో అందుకు ప్రత్యేకంగా ఒక గడి ఏర్పాటు చేసినా, దాన్ని నింపకుండా పంపే అలవాటు పోలేదు. అయిదు మిల్లీమీటర్ల డైని మైక్రాన్లలో గీస్తే దాని భుజం 5000 అని నమోదవుతుంది. ఆ అంకెను సాఫ్ట్‌వేర్ మిల్లీమీటర్లుగా భావిస్తే తెరపై అయిదు మీటర్ల చిప్ ప్రత్యక్షమవుతుంది. అంగుళంలో వెయ్యో వంతైన మిల్‌గా భావిస్తే 127 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అర జానెడు పొడవు. ఇలాంటి తప్పులు నవ్వు తెప్పిస్తాయి గాని నష్టం చేయవు. ఎవరికైనా చూడగానే తెలిసిపోతాయి.

నష్టం చేసేవి చిన్న తేడాలు. కొన్ని తయారీ పద్ధతుల్లో చిప్‌ను ఒక పరిమాణంలో గీసి, ముద్రించేటప్పుడు 90 శాతానికి కుదిస్తారు. 65 నానోమీటర్ల పద్ధతిలో గీసిన సర్క్యూట్‌ను అలా కుదించి 55 నానోమీటర్ల చిప్‌గా తయారుచేయడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పటం కుదింపుకు ముందుదా, తర్వాతదా అన్న ప్రశ్న అడగకుండా భాగాన్ని సృష్టిస్తే ఏమవుతుంది? డై కేంద్రం దగ్గరి ప్యాడ్‌లు ఇంచుమించు సరైన చోటే ఉంటాయి. కేంద్రం నుంచి 2.4 మిల్లీమీటర్ల దూరంలో, అంచున ఉన్న ప్యాడ్ మాత్రం 240 మైక్రాన్లు పక్కకు జరుగుతుంది. 80 మైక్రాన్ల ప్యాడ్‌లు పక్కపక్కన మూడు పెడితే వచ్చే దూరమది. తెరపై చూసే కంటికి మాత్రం బొమ్మ ఎంతో చక్కగా ఉంటుంది.

డై అంచు కూడా ఒక్కటి కాదు. సర్క్యూట్ చుట్టూ గీసిన హద్దు ఒకటి, దాని వెలుపల రంపం నడవడానికి వదిలిన బాట మరొకటి. కోత తర్వాత ఆ బాటలో కొంత రంపపు పొట్టుగా పోయి, కొంత డైకి అంటుకొనే ఉంటుంది. అందువల్ల చేతికి వచ్చే ముక్క పటంలోని హద్దు కంటే ఎంతో కొంత పెద్దది. ప్యాడ్ నుంచి బయలుదేరిన బంగారు లేదా రాగి తీగ ఆ అంచు మీదుగా వంపు తిరిగి కిందికి దిగుతుంది. అంచు అనుకున్నదాని కంటే ముందుకు పొడుచుకొని ఉంటే తీగ దానికి తగిలే ప్రమాదం ఉంది.

పేర్ల గందరగోళం

కొలతలు కుదిరాక ఆకారాల వంతు వస్తుంది. పటంలో లోహపు గడి ఒక పొరలో, దానిపై రక్షణ పూతలో విడిచిన కిటికీ మరో పొరలో ఉంటాయి. తీగ అతికేది ఆ కిటికీలోనే. లోహపు గడి దానికంటే కొంచెం పెద్దది. పొరపాటున లోహపు పొరను ఎంచుకుంటే ఉన్నదానికంటే ఎక్కువ చోటు ఉందన్న భ్రమ కలుగుతుంది. ఇవికాక నాలుగు గీతలు కలిసినట్టే కనిపించి ఒక మూల కలవని చతురస్రాలు, ఒకదానిపై ఒకటి రెండుసార్లు గీసిన ఆకారాలు, అష్టభుజిగా మారిపోయిన వృత్తాలు పటాల్లో తరచూ ఎదురవుతాయి. ఒక సాఫ్ట్‌వేర్ రాసినదాన్ని మరొకటి చదివేటప్పుడు ఇలాంటివి తప్పవు.

ఈ రకం సమస్య చిప్‌లకే పరిమితం కాదు. ఎయిర్‌బస్ ఏ380 విమానం ఆలస్యం కావడానికి ప్రధాన కారణాల్లో ఒకటి పటాల మార్పిడే. జర్మనీ, స్పెయిన్ బృందాలు కాటియా సాఫ్ట్‌వేర్ నాలుగో రూపాన్ని, ఫ్రాన్స్, బ్రిటన్ బృందాలు అయిదో రూపాన్ని వాడాయి. హాంబర్గ్ నుంచి వచ్చిన భాగాల్లోని విద్యుత్ తీగలు టూలూజ్‌లో అమర్చబోతే పొడవు చాలలేదు. ఒక్కో విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల తీగ ఉంటుంది. 2006లో అందవలసిన తొలి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 2007 అక్టోబరులో గాని చేరలేదు.

పేర్ల దగ్గర చిక్కు ఇంకా సూక్ష్మమైనది. పటంలో ప్యాడ్ పక్కన రాసిన అక్షరాలకు, ఆ ప్యాడ్‌కు మధ్య ఏ బంధమూ ఉండదు. దగ్గరగా ఉన్నాయి, అంతే. ఏ పేరు ఏ ప్యాడ్‌కు దగ్గరో లెక్కించి సాఫ్ట్‌వేర్ జత కలుపుతుంది. 60 మైక్రాన్ల ఎడంతో కిక్కిరిసిన వరుసలో అక్షరాలు కాస్త పక్కకు జరిగితే మొదటి ప్యాడ్‌కు రెండోదాని పేరు, రెండోదానికి మూడోదాని పేరు దక్కుతాయి. ఓఎంఆర్ పత్రంలో ఒక ప్రశ్న వదిలేసి, ఆ సంగతి గమనించకుండా చివరిదాకా జవాబులు నింపుకుంటూ పోయిన విద్యార్థి పరిస్థితి ఇదే. జవాబులన్నీ సరైనవే, ఒక్కటీ సరైన గడిలో లేదు.

దీనికి తోడు, ఒకే పేరు అనేక ప్యాడ్‌లకు ఉంటుంది. చిప్‌కు విద్యుత్తు అందించే వీడీడీ, దాని తిరుగుదారి అయిన వీఎస్‌ఎస్ అనే పేర్లు ఒక్కో డైపై పదుల సంఖ్యలో, పెద్ద చిప్‌లలో వందల సంఖ్యలో కనిపిస్తాయి. ఊళ్లో ఒకే పేరున్నవారు పదిమంది ఉంటే ఇంటి నంబరుతో గుర్తుపట్టినట్టు, ప్రతి ప్యాడ్‌కు తనకంటూ ఒక సంఖ్య ఇచ్చి, పేరును దానికి జతచేయాలి. సంఖ్య గుర్తింపు కోసం, పేరు సంబంధం కోసం. ఈ తేడా పాటించకుండా పేరునే గుర్తింపుగా వాడితే, రెండోసారి ఎదురైన వీడీడీని సాఫ్ట్‌వేర్ నకలుగా భావించి పక్కన పెట్టవచ్చు. విద్యుత్తు ప్యాడ్‌లు కొన్ని లోపించినా చిప్ కొంతకాలం పనిచేయవచ్చు. అసలు భయం అక్కడే ఉంది. పరీక్షలో నిలబడిన చిప్ వాడకంలో వేడెక్కాక తడబడుతుంది.

అద్దంలో కుడి ఎడమలు

వీటన్నిటిలోకీ ఖరీదైనది దిశకు సంబంధించిన తప్పు. తీగలు కలిపే పద్ధతిలో డై వెల్లకిలా పడుకొని ఉంటుంది. ప్యాడ్‌లు పైకి కనిపిస్తాయి. పటంలో చూసినదే కర్మాగారంలో సూక్ష్మదర్శిని కింద కనిపిస్తుంది. 1960లలో ఐబీఎం అభివృద్ధి చేసిన ఫ్లిప్ చిప్ పద్ధతిలో డైని బోర్లా తిప్పి, బుడిపెలను నేరుగా కిందనున్న సబ్‌స్ట్రేట్‌కు అతికిస్తారు. చిప్‌కు, బోర్డుకు నడుమ రాగి దారులతో అల్లిన పలుచని ఆధారపు పలకే సబ్‌స్ట్రేట్. ఇప్పుడు పై నుంచి చూసేవారికి కనిపించేది డై వీపు మాత్రమే. ముందు ఎడమ వైపున ఉన్న బుడిపె కుడి వైపుకు వెళ్తుంది.

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వస్త్రంపై కొమ్మ కుడి వైపు వంగాలంటే టేకు చెక్కపై ఎడమ వైపు వంచి చెక్కాలని వారికి తెలుసు. అయితే ఆ అచ్చు చెక్కేది, అద్దేది ఒకే ఊరిలో. చిప్ విషయంలో పటం గీసినవారు ఒక దేశంలో, భాగాన్ని సృష్టించేవారు మరో దేశంలో, సబ్‌స్ట్రేట్ తయారీదారు మూడో దేశంలో ఉంటారు. చిప్ సంస్థ పటాన్ని బుడిపెలు పైకి ఉన్నట్టు గీసిందా, లేక బోర్లా తిప్పాక పై నుంచి చూసినట్టు గీసిందా అన్నది పటం మీద స్పష్టంగా రాసి ఉండకపోతే, ప్రతివారూ తమవంతు బాధ్యతగా ఒకసారి తిప్పుతారు. రెండుసార్లు తిప్పితే మళ్లీ మొదటికే వస్తుంది. అసలు తిప్పకపోయినా ఫలితం అదే.

అక్షరాలు తిరగబడి కనిపిస్తే బొమ్మ అద్దంలోదని పోల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ ఆధారం నమ్మదగింది కాదు. ఆటోక్యాడ్‌లో బొమ్మను అద్దంలోలా తిప్పినా అక్షరాలను మాత్రం చదవడానికి వీలుగా ఉంచే ఏర్పాటు ఒకటుంది. చాలామంది దాన్నే వాడతారు. ఆకారాలు తిరగబడి, పేర్లు సవ్యంగా ఉన్న పటం చూడటానికి ఏ లోపమూ లేనట్టే ఉంటుంది.

బుడిపెల అమరిక నాలుగు వైపులా ఒకే తీరుగా ఉంటే పరిస్థితి మరింత జటిలం. తిప్పని డైని సబ్‌స్ట్రేట్‌పై ఉంచినా ప్రతి బుడిపె ఏదో ఒక గడిపై సరిగ్గా కూర్చుంటుంది. యంత్రం ఫిర్యాదు చేయదు, టంకం చక్కగా అతుక్కుంటుంది. విద్యుత్తు వెళ్లవలసిన చోటికి గడియారపు సంకేతం, సంకేతం వెళ్లవలసిన చోటికి విద్యుత్తు చేరతాయి. మీట నొక్కిన మరుక్షణం చిప్ కాలిపోవచ్చు. లోపం మూలం తెలిసేసరికి వేల సబ్‌స్ట్రేట్లు తయారై ఉంటాయి. అవి చెత్తబుట్టకే. కొత్తవి తయారై రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఆ చిప్ కోసం ఎదురుచూస్తున్న ఫోను, వైద్య పరికరం, కారు తయారీ కూడా ఆగుతుంది. అందుకే అనుభవజ్ఞులైన రూపకర్తలు ఒక మూల బుడిపెను కావాలనే వదిలేసి అమరికలో సౌష్ఠవాన్ని భంగపరుస్తారు. దిష్టిచుక్క లాంటి ఆ లోపమే తప్పును వెంటనే బయటపెడుతుంది.

ఒక కవచంలో అనేక డైలు

ఇప్పటిదాకా చెప్పుకొన్నది ఒక ప్యాకేజీలో ఒకే డై ఉన్న సందర్భం. పరిశ్రమ అక్కడ ఆగలేదు. ఒకే పెద్ద చిప్‌కు బదులు చిప్లెట్లనే చిన్న డైలను ఒకే కవచంలో పక్కపక్కన లేదా ఒకదానిపై ఒకటి పేర్చే పద్ధతి విస్తరిస్తోంది. ఆంధ్రప్రదేశ్ యూనిట్ సంస్థ పేరులోనే ఉన్న సిస్టమ్ ఇన్ ప్యాకేజ్ అనే మాటకు అర్థం కూడా అనేక విడిభాగాలను ఒకే ప్యాకేజీలో కూర్చడం. ఆ డైలు వేర్వేరు సంస్థలవి కావచ్చు. ఒకరు మైక్రాన్లలో, మరొకరు మిల్‌లలో పటం పంపుతారు. ఒకరి సున్నా బిందువు డై కేంద్రంలో, మరొకరిది ఎడమ కింది మూలలో ఉంటుంది.

చిప్లెట్ల నడుమ సంబంధాల కోసం 2022 మార్చిలో ఇంటెల్, ఏఎండీ, ఆర్మ్, శాంసంగ్, టీఎస్‌ఎంసీ తదితర సంస్థలు కలిసి యూసీఐఈ అనే ఉమ్మడి ప్రమాణాన్ని ప్రకటించాయి. అందులోని ఉన్నత స్థాయి అమరికలో బుడిపెల ఎడం 25 నుంచి 55 మైక్రాన్లు. మిల్‌లో పదో వంతు దాకా మాత్రమే అంకెలు రాసే పాత అలవాటు ఇక్కడ చెల్లదు. ఆ పదో వంతే 2.54 మైక్రాన్లు, అంటే 25 మైక్రాన్ల ఎడంలో పది శాతం. తీగల కాలంలో ఎవరూ పట్టించుకోని సవరింపు, బుడిపెల కాలంలో లోపమవుతుంది.

ఈ కారణంగా పెద్ద సంస్థలు పటాల మార్పిడిని వదిలి, చిప్ రూపకల్పన ఫైలు నుంచి కావలసిన సమాచారాన్ని మాత్రం పేర్లతో, సంబంధాలతో సహా నేరుగా ప్యాకేజీ సాఫ్ట్‌వేర్‌కు అందించే పద్ధతులకు మళ్లుతున్నాయి. అవి మేలైనవే. కానీ ఆ సదుపాయం రెండు వైపులా తగిన సాఫ్ట్‌వేర్, పరస్పర విశ్వాసం ఉన్నచోటే సాధ్యం. బయటి ఖాతాదారుల నుంచి రకరకాల చిప్‌లను తీసుకొని ప్యాకేజీ చేసే కర్మాగారానికి ఖాతాదారు ఏ రూపంలో సమాచారం ఇస్తే దానితోనే పని మొదలుపెట్టక తప్పదు. ప్రపంచంలోని చిప్ రూపకల్పన ఇంజినీర్లలో దాదాపు అయిదో వంతు భారతదేశంలోనే ఉన్నారని కేంద్ర ప్రభుత్వం తరచూ చెబుతోంది. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో ఆ నైపుణ్యం కళ్లకు కడుతుంది. అయితే అందులో అధిక భాగం సిలికాన్ లోపలి సర్క్యూట్‌కు సంబంధించినది. ఆ సిలికాన్ అంచు దాటాక మొదలయ్యే ప్యాకేజీ విద్య దేశంలో ఇప్పుడిప్పుడే పెద్ద ఎత్తున అవసరమవుతోంది.

ఇక తనిఖీ విషయానికొస్తే, ఆచరణలో నిలిచిన పద్ధతులు సాదాసీదావే. సృష్టించిన భాగాన్ని తిరిగి డీఎక్స్‌ఎఫ్ పటంగా మార్చి అసలు పటంపై పరుస్తారు. గీత మీద గీత పడాలి. ఇది ఆకారాలను పరీక్షిస్తుందే గాని దిశను పరీక్షించదు. అందుకని పటంతో సంబంధం లేకుండా, చిప్ బృందం నుంచి ప్యాడ్ సంఖ్య, పేరు, నిలువు అడ్డం కొలతలతో కూడిన పట్టికను విడిగా తెప్పించి భాగంతో సరిపోలుస్తారు. రెండు ఆధారాలూ ఒకే వ్యక్తి ఒకే ఫైలు నుంచి తీసినవైతే ఈ పోలిక వల్ల ప్రయోజనం లేదు. డై అసలు కొలతను, ఒకటో నంబరు ప్యాడ్ ఏ మూల ఉందన్నదాన్ని వేఫర్ ఛాయాచిత్రంతో పోల్చడం ఇంకొకటి. చివరగా ప్యాకేజీ రూపకర్త తయారుచేసిన పటంపై ‘పై నుంచి చూసినప్పుడు’ అనో, ‘బుడిపెల వైపు నుంచి చూసినప్పుడు’ అనో పెద్ద అక్షరాలతో రాసి చిప్ సంస్థకు తిప్పి పంపుతారు. అక్కడి ఇంజినీరు దానిని ప్యాడ్ ప్యాడ్‌గా చూసి సంతకం చేశాకే సబ్‌స్ట్రేట్ తయారీకి ఉత్తర్వు వెళ్తుంది.